పిడకకు వీసా ఎందుకు రాదు?

పెండ, పెంట, జీవాల రాకపోకలపై ప్రభుత్వాలు పెట్టే ఆంక్షల వెనుక ఉన్న సైన్సు

2021 ఏప్రిల్‌లో అమెరికా రాజధాని దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో, భారత్ నుంచి వచ్చిన విమానంలోని ప్రయాణికులంతా వెళ్లిపోయాక ఒక సూట్‌కేసు మిగిలిపోయింది. తనిఖీ సిబ్బంది తెరిచి చూస్తే లోపల రెండు పిడకలు ఉన్నాయి. వెంటనే స్వాధీనం చేసుకుని ధ్వంసం చేశారు. ఏడాది తిరిగాక, 2022 జూన్‌లో జైపూర్ నుంచి 192 టన్నుల ఆవు పెండ కంటైనర్లకెక్కి కువైట్‌కు బయలుదేరింది. కస్టమ్స్ అధికారులు దగ్గరుండి మరీ ప్యాక్ చేయించారు.

రెండు పిడకలకు దొరకని అనుమతి 192 టన్నులకు ఎలా దొరికింది? అమెరికా వాళ్లకు పెండంటే ఏవగింపు అనుకుంటే పొరపాటే. అక్కడి రైతులూ పొలాలకు పశువుల ఎరువు వేసుకుంటారు. వాళ్ల భయమంతా పెండతో పాటు కంటికి కనబడకుండా ప్రయాణించే సూక్ష్మజీవుల గురించే. అవి ఎన్నాళ్లు బతుకుతాయి, ఎంత వేడికి చస్తాయి, ఎంత దూరం పోతాయి అనే లెక్కలే చట్టాల్లోకి ఎక్కి నిబంధనలయ్యాయి. ఈ లెక్కలు తెలిస్తే విమానాశ్రయం అధికారికే కాదు, జగిత్యాల జిల్లా మల్లాపూర్‌లో ట్రాక్టరు పెంట కొనే రైతుకూ పనికొస్తాయి.

ఊళ్లో ఎవరూ అడగని కాగితం

మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం పసుపుకు పేరు. పసుపుకు ఆకలి ఎక్కువ. ఎకరాకు 10 టన్నుల దాకా బాగా చివికిన పశువుల ఎరువు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కొట్టంలో రెండు బర్రెలున్న రైతుకు అంత పెంట ఇంట్లో ఎక్కడిది? పక్క ఊళ్ల నుంచి ట్రాక్టర్ల లెక్కన కొంటారు. కోళ్ల ఫారాల నుంచి కోడి ఎరువు తెప్పిస్తారు. ఎండాకాలం గొల్ల కురుమలతో మాట్లాడుకుని చేన్ల గొర్ల మంద పెట్టిస్తారు. రాత్రంతా మంద పడుకున్న చోట పెంటికలు, మూత్రం నేరుగా భూమిలోకి దిగుతాయి. పైసా రవాణా ఖర్చు లేని ఎరువు అది.

ఆ పెంట ఏ దొడ్డిది, ఆ దొడ్డిలో మొన్నటిదాకా ఏ రోగం ఉంది, ఆ మంద ఏయే ఊళ్లు తిరిగి వచ్చింది అని ఊరి పొలిమేరలో అడిగేవాళ్లు లేరు. దేశం సరిహద్దులో మొట్టమొదట అడిగేవి ఈ ప్రశ్నలే.

పెండలో ఎవరుంటారు?

అమెరికా అధికారులు ఆ పిడకలను చూసి భయపడింది గాలికుంటు వ్యాధికి. మన రైతులకు కొత్తది కాదు. పశువు నోట్లో, గిట్టల మధ్య పొక్కులు లేస్తాయి. చొంగ కారుస్తుంది, కుంటుతుంది, మేత ముట్టదు. పెద్ద పశువులు చాలావరకు కోలుకుంటాయి గానీ పాలు పడిపోతాయి, ఎడ్లు దున్నడానికి పనికిరాకుండా పోతాయి. లేగదూడలకైతే గుండె దెబ్బతిని ప్రాణమే పోతుంది.

రోగమొచ్చిన పశువు చొంగలో, పాలలో, మూత్రంలో, పెండలో వైరస్ బయటికి వస్తుంది. అదీ పొక్కులు కనబడక ముందు నుంచే. బయటపడ్డ వైరస్ ఎంతకాలం బతుకుతుందన్నది అది పడిన చోటును బట్టి ఉంటుంది. ఎండాకాలం ఎండిన పెండలో సుమారు 14 రోజులు. చలికాలం, నీళ్లు కలిసి జారుగా ఉన్న పెండలో ఏకంగా ఆరు నెలల వరకు. మూత్రంలో 39 రోజులు. నేల మీద ఎండాకాలమైతే 3 రోజులు, చలికాలమైతే 28 రోజులు. అంటే ఎండా ఆరుదలా దాని శత్రువులు, తేమా చలీ దాని చుట్టాలు.

అమెరికాలో గాలికుంటు చివరిసారి 1929లో కనబడింది. అంటే అక్కడి పశువులకు దానిపై రోగనిరోధక శక్తి లేదు. బ్రిటన్‌లో 2001లో ఈ రోగం తిరిగి చొరబడినప్పుడు, దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సి వచ్చింది. దాని ముందు రెండు పిడకలను ధ్వంసం చేయడం ఎంత? కువైట్ సంగతి వేరు. గాలికుంటు గల్ఫ్ ప్రాంతంలో ఎప్పటినుంచో తిరుగుతూనే ఉంది. పైగా సంచిలో ఎవరికీ చెప్పకుండా వచ్చిన పెండకూ, ఎక్కడిదో తెలిసి అధికారుల కళ్ల ముందు ప్యాకైన పెండకూ తేడా ఉంది. కాబట్టి నిబంధన పెట్టేవాళ్లు చూసేది సరుకు ఎంత ఉందని కాదు. పంపే చోట ఉన్న రోగం చేరే చోట ఉందా లేదా, మధ్యలో ఆ సూక్ష్మజీవి చచ్చే ఏర్పాటు ఏదైనా జరిగిందా అని చూస్తారు.

వేడి, ఘాటు, కాలం

సూక్ష్మజీవిని చంపడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. ప్రపంచంలో ఎరువు మీద ఉన్న నిబంధనలన్నీ దాదాపు వీటి చుట్టూనే తిరుగుతాయి.

మొదటిది వేడి. యూరోపియన్ యూనియన్‌లో శుద్ధి చేసిన పశువుల ఎరువును మార్కెట్లో పెట్టాలంటే కనీసం 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 నిమిషాలు వేడి చేయాలి. ఇదెందుకో మల్లాపూర్ రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. తవ్విన పసుపు కొమ్ములను కడాయిల్లో ఉడకబెట్టేదీ ఇంచుమించు అంతసేపే. పచ్చి కొమ్మును భూమిలో పెడితే మొలకెత్తుతుంది, ఉడికిన కొమ్ము మొలకెత్తదు. లోపలి జీవపదార్థం గడ్డకట్టి, తిరిగి పనిచేయలేని స్థితికి చేరుతుంది. గంటసేపు 70 డిగ్రీల్లో ఉన్న పెంటలో వైరస్‌కు, చాలా బ్యాక్టీరియాకు, గడ్డి విత్తనాలకు జరిగేదీ అదే.

రెండోది ఘాటు, అంటే ఆమ్లం లేదా క్షారం. గాలికుంటు వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు. ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి డొప్పలా ఉంటుంది. అందుకే స్పిరిట్ లాంటివి దాని మీద అంతగా పనిచేయవు. కానీ కొంచెం పులుపు తగిలినా, బాగా క్షారం తగిలినా ఆ ముక్కలు విడిపోయి డొప్ప చెదిరిపోతుంది. నూటికి నాలుగు పాళ్ల వాషింగ్ సోడా నీళ్లు, సున్నం వాడమనేది ఇందుకే. మన దేశం నుంచి గేదె మాంసాన్ని ఎముక తీసేసే ఎగుమతి చేయాలన్న నియమం ఈ లెక్కతోనే అర్థమవుతుంది. కోశాక కండలో సహజంగా పులుపు పెరిగి వైరస్ చస్తుంది, ఎముక మూలుగలో మాత్రం ఆ పులుపు పుట్టదు.

మూడోది కాలం. అమెరికా సేంద్రియ సాగు నియమాల ప్రకారం, తినే భాగం మట్టిని తాకే పంటకైతే పచ్చి పెంట వేసిన 120 రోజుల తర్వాతే కోత కోయాలి. మట్టిని తాకని పంటకు 90 రోజులు చాలు. పసుపు భూమిలోనే ఊరుతుంది. జూన్‌లో విత్తి సంక్రాంతి తర్వాత తవ్వే రైతుకు ఏడు నెలలు దాటుతుంది కాబట్టి ఈ గడువు దానంతటదే తీరిపోతుంది. అదే పొలంలో అంతర పంటగా వేసిన ఆకుకూరకు మాత్రం తీరదు.

ఈ మూడింటికీ లొంగని మొండి ఘటం ఒకటుంది. అది దొమ్మ రోగం. దాని బ్యాక్టీరియాకు గాలి తగిలితే చుట్టూ గట్టి కవచం కట్టుకుని బీజంగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు నిద్రపోతాయి. పెంటకుప్ప వేడి వాటిని ఏమీ చేయలేదు. దొమ్మతో చచ్చిందని అనుమానమున్న జీవాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు, లోతుగా పూడ్చిపెట్టాలని పశువైద్యులు పదేపదే చెప్పేది ఇందుకే. కోస్తే లోపలి బ్యాక్టీరియాకు గాలి అందించినట్టే.

◼ పెంటకుప్ప వేడెక్కేదెలా?

*కుప్పలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు పెండను, గడ్డిని తింటూ ఊపిరి తీసుకుంటాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. కుప్ప పెద్దదైతే ఆ వేడి బయటికి పోలేక మధ్యలో 55 నుంచి 65 డిగ్రీల దాకా చేరుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది.*

*అయితే అంచులు చల్లగానే ఉంటాయి. అక్కడున్న రోగక్రిములు, గడ్డి విత్తనాలు, కుమ్మరి పురుగులు అలాగే బతుకుతాయి. అందుకే తిరగేయాలి. అమెరికా ప్రమాణం ప్రకారం, వరుస కుప్పలుగా పోసిన పెంట 15 రోజులు 55 డిగ్రీలు తగ్గకుండా ఉండాలి, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి.*

*పిడికెడు తీసి పిండితే చేయి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. మరీ ఎండితే సూక్ష్మజీవులు పనిచేయవు, మరీ తడిస్తే గాలాడక కుప్ప కంపు కొడుతుంది తప్ప వేడెక్కదు. వాసన పోయి, నల్లగా పొడిపొడిగా మారి, తిరగేసినా మళ్లీ వేడెక్కకపోతే అది చివికిన పెంట.*

జీవానికైతే ముప్పై రోజుల కాపలా

పెండను వేడి చేయొచ్చు. బతికున్న జీవాన్ని ఏం చేస్తాం? రోగం సోకిన రోజుకూ అది బయటపడే రోజుకూ మధ్య ఎడం ఉంటుంది. ఆ ఎడంలో జీవం చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, మేత మేస్తుంది, బేరంలో మంచి ధర కూడా పలుకుతుంది. నిబంధనలు రాసేటప్పుడు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గాలికుంటుకు ఈ ఎడాన్ని 14 రోజులుగా, గొర్లు మేకల్లో వచ్చే పారుడు రోగం పీపీఆర్‌కు 21 రోజులుగా, లంపీ చర్మ వ్యాధికి 28 రోజులుగా లెక్కిస్తుంది. మన దేశంలోకి దిగిన పశువులకు మామూలుగా పెట్టే క్వారంటైన్ 30 రోజులు. పై మూడు గడువులూ అందులో ఇమిడిపోతాయి.

అంతకన్నా ముందే చాలా గడపలు దాటాలి. బతికున్న పశువులను తేవడానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి లైసెన్సు కావాలి. పంపే దేశపు ప్రభుత్వ పశువైద్యుడు ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. నచ్చిన రేవులో దింపుకుంటామంటే కుదరదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల ఉన్న కేంద్ర ప్రభుత్వ పశు క్వారంటైన్ కేంద్రాల గుండానే రావాలి. రోగం బయటపడితే తిప్పి పంపుతారు, లేదా అంతం చేస్తారు.

ముప్పై రోజులు చూసినా దొరకని దొంగలు కొన్ని ఉంటాయి. గాలికుంటు తగ్గిపోయిన కొన్ని పశువుల గొంతులో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి రెండు మూడేళ్లు దాక్కుంటుంది. పైకి ఏ లక్షణమూ ఉండదు. రక్తపరీక్ష అవసరమయ్యేది ఇక్కడే. అయితే టీకా వేసిన పశువు రక్తంలోనూ రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి కదా, ఏది టీకా వల్లనో ఏది రోగం వల్లనో ఎలా తెలుస్తుంది? టీకాలో ఉండేది చంపి శుద్ధి చేసిన వైరస్ డొప్ప మాత్రమే. బతికున్న వైరస్ ఒంట్లో పిల్లలు పెట్టేటప్పుడు మాత్రమే తయారయ్యే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు కనబడితే ఆ పశువుకు ఎప్పుడో అసలు రోగమే సోకిందని అర్థం.

1898 చట్టంలోనే పెండ ఉంది

మన దేశంలో దీనికి మూలమైన పశువుల దిగుమతి చట్టం 1898 నాటిది. ప్రభుత్వం జీవాలనే కాదు, వాటిని తాకిన మేత, పెండ, కొట్టంలో పరిచే గడ్డి, జీను, పగ్గాల లాంటి సామాన్లను కూడా ఆపవచ్చని ఆ చట్టం అప్పుడే చెప్పింది. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే శాస్త్రవేత్తలు గాలికుంటుకు కారణం బ్యాక్టీరియా కన్నా చిన్నదని, వడపోతకు చిక్కదని తేల్చారు. జంతువుల్లో గుర్తించిన మొదటి వైరస్ అదే. అంటే పెండలో ఏముందో సైన్సు అప్పుడప్పుడే కనుక్కుంటున్నా, పెండ ప్రమాదమన్న సంగతి అనుభవంతో చట్టానికి ముందే తెలుసు. 2001లో ఈ చట్టాన్ని సవరించి మాంసం, గుడ్లు, పాల లాంటి పశు ఉత్పత్తులనూ దీని కిందికి తెచ్చారు.

అంతర్జాతీయ నియమాలకు బీజం వేసిందీ భారతీయ పశువులే. 1920లో మన మూపురపు పశువులు బ్రెజిల్‌కు పోతూ దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. వాటితో పాటు పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) దిగి అక్కడి మందల్లో పాకింది. ఆ దెబ్బతో 28 దేశాలు కలిసి 1924 జనవరిలో పారిస్‌లో ఒక సంస్థను పెట్టుకున్నాయి. ఇవాళ్టి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. బ్రెజిల్‌లోనూ 1921లో ముసర బయటపడింది. ఆ తర్వాత ఆ దేశం ఎంత జాగ్రత్తపడిందంటే, 1962లో ఒంగోలు జాతి పశువులను తీసుకెళ్లినప్పుడు వాటిని నేరుగా ప్రధాన భూభాగంలో అడుగుపెట్టనీయలేదు. అట్లాంటిక్ సముద్రం నడుమ ఉన్న ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచాకే లోపలికి రానిచ్చారు. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరునే మోసుకెళ్లిన ప్రసిద్ధ ఆంబోతు ‘కరవది’ ఆ ఏడాది వెళ్లినదే. మన దగ్గర ముసర చివరిసారి కనబడింది 1995లో. 2011లో ప్రపంచమంతటా అంతమైనట్టు ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం అది.

దేశం హద్దా, రోగం హద్దా?

రోగానికి మ్యాపు తెలియదు కాబట్టి దేశం మొత్తానికి తలుపు మూయడం న్యాయమేనా అన్న గొడవ కూడా వచ్చింది. బర్డ్ ఫ్లూ పేరుతో అమెరికా కోళ్ల ఉత్పత్తులను మన దేశం ఆపేస్తే, ఆ దేశం 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 2015 జూన్‌లో తుది తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆంక్షకు శాస్త్రీయమైన ప్రమాద అంచనా ఉండాలి, రోగమున్న ప్రాంతాన్నే ఆపాలి గానీ దేశమంతటినీ కాదు అన్నది దాని సారం.

మన రాష్ట్రాల మధ్య నడిచేదీ ఇప్పుడు అదే సూత్రం. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి జీవాల రాకపోకలు ఆపవచ్చు, చెక్‌పోస్టులు పెట్టవచ్చు. బర్డ్ ఫ్లూ వస్తే ఫారం చుట్టూ కిలోమీటరు మేర కోళ్లతో పాటు గుడ్లు, దాణా, రెట్ట అన్నీ నాశనం చేస్తారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు తెలంగాణ సరిహద్దులో 24 చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల బండ్లను వెనక్కి పంపారు. కోడి ఎరువు కొనే రైతు ఆ రోజుల్లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. కోడి ఆగిన చోట దాని రెట్టా ఆగాలి.

జీవాలు కలిసే చోటే రోగాలూ కలుస్తాయి. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. వేములవాడ రాజన్నకు మొక్కు కింద వచ్చే కోడెలు ఎన్నో ఊళ్లవి. వారం వారం పశువుల అంగడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి చోటి నుంచి కొత్త జీవం ఇంటికి వస్తే, ముప్పై రోజుల కాపలా సూత్రం మన కొట్టానికీ వర్తిస్తుంది.

◼ ఊరి స్థాయి క్వారంటైన్

*• కొత్తగా తెచ్చిన బర్రెను, గొర్లను నెల రోజులు వేరే కొట్టంలో కట్టేయండి. మేత, నీళ్ల తొట్టి, బకెట్ వేరుగా ఉండాలి. పాత జీవాల పని ముందు, కొత్త వాటి పని తర్వాత చేసుకోండి.*

*• కొన్న పెంట చివికిందో లేదో చూడండి. పచ్చిదైతే చేన్ల చల్లకుండా ముందు కుప్ప పోసి తిరగేయండి.*

*• మంద పెట్టించే ముందు ఆ గొర్లకు టీకాలు పడ్డాయో లేదో, వచ్చిన దారిలో ఎక్కడైనా జీవాలు చచ్చాయేమో అడగండి.*

*• ఏటా రెండుసార్లు వేసే గాలికుంటు టీకాను ఒక్క జీవానికీ తప్పించొద్దు.*

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో ఎడారి ఫారాల్లో గొర్లు, ఒంటెలు కాసేవాళ్లూ ఉన్నారు. గాలికుంటు వైరస్‌లో ఏడు రకాలున్నాయి. మన టీకాలో ఉన్నవి ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు. ఇక్కడ తిరిగేవి అవే కాబట్టి ఇన్నాళ్లూ సరిపోయాయి. 2025లో ఇరాక్, కువైట్, బహ్రెయిన్‌లలో శాట్-1 అనే ఆఫ్రికా రకం బయటపడింది. మన టీకా దాన్ని ఆపలేదు. ఒక రకానికి వేసిన టీకా ఇంకో రకం నుంచి కాపాడదు.

ఈ రోగం మనుషులకు రాదనే చెప్పాలి. కానీ చెప్పుల అడుగున, బట్టల మీద అంటిన పెండతో, బురదతో వైరస్ ప్రయాణించగలదు. మనిషి ముక్కులో కూడా ఒకరోజు పైనే ఉండగలదని ప్రయోగాల్లో తేలింది. ఫారంలో పనిచేసి సెలవు మీద వస్తున్నవాళ్లు అక్కడ వాడిన బూట్లు, బట్టలు అక్కడే వదిలేసి రావడం మేలు. తేక తప్పకపోతే పెండ పూర్తిగా పోయేలా సబ్బుతో రుద్ది ఉతికి, ఎండలో ఆరేసి తీసుకురండి. ఇల్లు చేరాక ఐదు రోజులు మన బర్రెల కొట్టంలోకి పోకండి.

ఊళ్లో ఏ పశువైనా చొంగ కారుస్తూ కుంటినా, మందలో రెండు మూడు జీవాలు ఒకేసారి చచ్చినా గ్రామ పంచాయతీకి, దగ్గరి పశువైద్యుడికి చెప్పడం 2009 చట్టం ప్రకారం యజమాని బాధ్యత. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962. రోగమున్న సంగతి దాచి పశువును అంగడికి తోలితే, ఆ ఒక్క బేరంతో వచ్చే డబ్బు కన్నా చుట్టుపక్కల పది ఊళ్ల కొట్టాలకు జరిగే నష్టమే ఎక్కువ.